కంప్యూటర్ వర్మ్‌లు: వ్యాప్తి, సమాచార చౌర్యం, నిర్మూలన

వ్యవసాయ పరిశోధన ఫలితాలు ఒకప్పుడు క్షేత్ర పుస్తకాల్లో, కాగితపు దస్త్రాల్లో భద్రంగా ఉండేవి. నేడు రకాల తులనాత్మక ప్రయోగాల దిగుబడి వివరాలు, భూసార పరీక్షల ఫలితాలు, వాతావరణ నమోదులు, విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలు, రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలు అన్నీ కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. ఒక ఖరీఫ్‌లో సేకరించిన గణాంకాలు నశిస్తే, వాటి కోసం మరో ఖరీఫ్ వరకు వేచి ఉండవలసి వస్తుంది. అప్పటికీ అదే వర్షపాతం, అదే చీడపీడల ఉధృతి తిరిగి రావు. రైతుల వివరాలు దొంగల పాలైతే నష్టం కార్యాలయానికి పరిమితం కాక రైతు ఇంటి వరకు చేరుతుంది. ఈ రెండు రకాల నష్టాలనూ కలిగించగలవి కంప్యూటర్ వర్మ్‌లు. ఇవి వ్యాపించే తీరు, సమాచారాన్ని దొంగిలించే విధానం, వీటిని తొలగించే క్రమం విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు తెలిసి ఉండడం అవసరం.

వైరస్‌కు, వర్మ్‌కు గల భేదం

కంప్యూటర్లకు హాని చేసే ప్రోగ్రాములన్నింటినీ వాడుకలో ‘వైరస్’ అనే పేరుతోనే వ్యవహరిస్తారు. సాంకేతికంగా వీటిలో భేదం ఉంది. వైరస్ మరొక ఫైలును ఆశ్రయించి ఉంటుంది. ఆ ఫైలును ఎవరైనా తెరిచినప్పుడే అది పనిచేయడం ఆరంభిస్తుంది. మినుములో పల్లాకు తెగులును కలిగించే వైరస్ తెల్లదోమ సాయం లేనిదే ఒక మొక్క నుంచి మరొక మొక్కకు చేరలేనట్లే, కంప్యూటర్ వైరస్‌కు కూడా ఒక వాహకం కావాలి.

వర్మ్ స్వతంత్రమైన ప్రోగ్రాము. అది తన నకళ్ళను తానే తయారు చేసుకొని, నెట్‌వర్క్‌లోని ఇతర కంప్యూటర్లను తానే వెదికి, వాటిలో ప్రవేశిస్తుంది. కొన్ని వర్మ్‌లకు వాడకందారు ఒక్క బటన్ నొక్కవలసిన అవసరం కూడా ఉండదు. మరికొన్ని మాత్రం ఈ-మెయిల్ జోడింపును గానీ, పెన్‌డ్రైవ్‌లోని ఫైలును గానీ తెరిచేలా మనిషిని మోసగించి లోపలికి ప్రవేశిస్తాయి. ఉపయోగకరమైన ప్రోగ్రాము వలె నటిస్తూ హాని చేసేదాన్ని ట్రోజన్ అంటారు. దానంతట అది వ్యాపించదు. ఆచరణలో ఈ మూడింటి లక్షణాలు ఒకే ప్రోగ్రాములో కలిసి ఉండడం సాధారణం.

‘వర్మ్’ అనే పేరు జాన్ బ్రన్నర్ 1975లో రాసిన ఒక వైజ్ఞానిక నవల నుంచి వచ్చింది. అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో జాన్ షోక్, జాన్ హప్ అనే శాస్త్రవేత్తలు ఖాళీగా ఉన్న కంప్యూటర్లతో పని చేయించడానికి ఇటువంటి ప్రోగ్రాములను రూపొందించి, 1982లో వాటి వివరాలను ప్రచురించారు. హాని అనేది మొదట ఉద్దేశం కాదు. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడుదల చేసిన వర్మ్ ఇంటర్నెట్‌ను తొలిసారిగా పెద్ద ఎత్తున స్తంభింపజేసింది. అప్పటి అంచనాల ప్రకారం సుమారు 6,000 కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ వర్మ్ ఫైళ్ళను చెరపలేదు. ఒకే కంప్యూటర్‌లో మళ్ళీ మళ్ళీ ప్రవేశించి, దాని శక్తినంతటినీ హరించివేసింది.

వ్యాప్తి చెందే మార్గాలు

1. సాఫ్ట్‌వేర్‌లోని భద్రతా లోపం: నెట్‌వర్క్‌తో సంభాషించే ప్రతి ప్రోగ్రాములోనూ రచనా దోషాలు ఉండే అవకాశం ఉంది. వర్మ్ అటువంటి దోషం గల కంప్యూటర్‌కు ప్రత్యేకంగా మలచిన సందేశాన్ని పంపి, తన ఆదేశాలను అక్కడ అమలు చేయిస్తుంది. ఇది అత్యంత వేగవంతమైన మార్గం.

2. ఈ-మెయిల్: 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన ‘ఐ లవ్ యూ’ వర్మ్ ప్రేమలేఖ వలె కనిపించే జోడింపుతో వచ్చింది. ఫైలు పేరు చివర ఉండే అసలు పొడిగింపును విండోస్ దాచి ఉంచడం వల్ల అది సాధారణ పాఠ్య ఫైలు వలె కనిపించింది. తెరిచిన వెంటనే చిరునామాల పుస్తకంలోని వారందరికీ తన నకలును పంపి, పాస్‌వర్డ్‌లను దొంగిలించే మరొక ప్రోగ్రామును దింపుకొనే ప్రయత్నం చేసింది.

3. బలహీనమైన పాస్‌వర్డ్‌లు: కార్యాలయంలో ఉమ్మడిగా పంచుకొన్న ఫోల్డర్లకు పాస్‌వర్డ్ లేకపోయినా, సులభంగా ఊహించదగినది ఉన్నా వర్మ్ వాటిని ఒక్కొక్కటిగా ప్రయత్నించి లోపలికి చేరుతుంది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ వర్మ్ భద్రతా లోపంతో పాటు ఈ మార్గాన్ని, పెన్‌డ్రైవ్ మార్గాన్ని కూడా ఉపయోగించింది.

4. పెన్‌డ్రైవ్: వ్యవసాయ కార్యాలయాల్లో, కళాశాలల్లో తరచుగా ఎదురయ్యే మార్గం ఇదే. వర్మ్ పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్లను దాచి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లను సృష్టిస్తుంది. షార్ట్‌కట్‌పై నొక్కగానే మొదట వర్మ్ అమలవుతుంది. వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. కావలసిన ఫైళ్ళు కనిపించినందున వాడకందారుకు అనుమానం కలగదు.

ఈ చివరి మార్గం ఎంత దూరం పోగలదో ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చు. సికింద్రాబాద్‌లోని లాలాగూడలో, రైల్వే వర్క్‌షాపు పరిసరాల్లో నివసించే ఒక విద్యార్థి తన సిద్ధాంత వ్యాసాన్ని ఇంటికి దగ్గరలోని జిరాక్స్ దుకాణంలో ముద్రింపజేసుకొన్నాడనుకొంటే, రోజుకు పదుల సంఖ్యలో పెన్‌డ్రైవ్‌లు పెట్టే ఆ దుకాణపు కంప్యూటర్ నుంచి వర్మ్ అతని పెన్‌డ్రైవ్‌లోకి చేరుతుంది. మరుసటి రోజు అదే పెన్‌డ్రైవ్ రాజేంద్రనగర్‌లోని ప్రయోగశాల కంప్యూటర్‌లోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి పాఠ్య ప్రదర్శనను తీసుకొని వెళ్ళిన శాస్త్రవేత్త ద్వారా జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రానికి, అక్కడ శిక్షణకు హాజరైన సిబ్బంది పెన్‌డ్రైవ్‌ల ద్వారా మండల కార్యాలయాలకు చేరుతుంది. ఈ గొలుసులో ఎక్కడా ఇంటర్నెట్ ప్రసక్తి లేదు. ‘నెట్ లేని కంప్యూటర్ సురక్షితం’ అనే భావన సరైనది కాదని చెప్పడానికి ఇదే కారణం. 2010లో వెలుగు చూసిన స్టక్స్‌నెట్ వర్మ్ ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచిన పారిశ్రామిక కంప్యూటర్లలోకి కూడా పెన్‌డ్రైవ్‌ల ద్వారానే ప్రవేశించింది.

వ్యాప్తి వేగం

సస్యరోగ శాస్త్ర విద్యార్థులకు వాండర్‌ప్లాంక్ 1963లో ప్రచురించిన గ్రంథం సుపరిచితం. తెగులు ఉధృతిని తొలి రోగకారక పరిమాణం, అది వృద్ధి చెందే రేటు, అందుకు లభించే కాలం నిర్ణయిస్తాయని ఆయన సూత్రీకరించాడు. వర్మ్‌ల వ్యాప్తి కూడా ఇదే పద్ధతిలో సాగుతుంది. తొలుత నెమ్మదిగా, ఆ తరువాత చక్రవడ్డీ వలె పెరిగి, లోపం గల కంప్యూటర్లు మిగలనప్పుడు మందగిస్తుంది. భేదమంతా కాలమానంలోనే ఉంది. తెగులు రోజులు, వారాలు తీసుకొంటే వర్మ్‌కు నిమిషాలు చాలు.

2003 జనవరి 25న వ్యాపించిన స్లామర్ వర్మ్ పరిమాణం కేవలం 376 బైట్లు. ఆరంభ దశలో దాని సంఖ్య ప్రతి 8.5 సెకన్లకు రెట్టింపైంది. ఒక కంప్యూటర్‌తో మొదలై 17 సార్లు రెట్టింపైతే లక్షా ముప్పై వేలు దాటుతుంది. ఈ లెక్కన అందుకు రెండున్నర నిమిషాలకు లోపే చాలు. వర్మ్ సృష్టించిన రద్దీకి నెట్‌వర్క్ మార్గాలే మూసుకుపోయినందున వాస్తవ వ్యాప్తి కొంత మందగించింది. అయినప్పటికీ, లోపం గల కంప్యూటర్లలో దాదాపు 90 శాతం పది నిమిషాల్లోనే దాని బారిన పడ్డాయి. సోకిన కంప్యూటర్ల సంఖ్య కనీసం 75,000. ఇంతటి వేగం ముందు మనుషులు గమనించి అడ్డుకొనే వ్యవధి ఉండదు. రక్షణ ముందుగానే ఏర్పడి ఉండాలి.

ఆ రక్షణ చాలా సందర్భాల్లో అప్పటికే అందుబాటులో ఉండడం గమనార్హం. స్లామర్ వాడుకొన్న లోపానికి ప్యాచ్ అనే భద్రతా సవరణ ఆరు నెలల ముందే, 2002 జులైలో వెలువడింది. కాన్‌ఫికర్ విషయంలో సవరణ 2008 అక్టోబరు 23న వెలువడగా, వర్మ్ మరుసటి నెలలో బయటపడింది. సవరణ లేక కాదు, దాన్ని అమర్చక కంప్యూటర్లు దెబ్బతిన్నాయి.

2017 మే: ఆంధ్రప్రదేశ్ అనుభవం

తెలుగు రాష్ట్రాలు వర్మ్ తీవ్రతను ప్రత్యక్షంగా చవిచూసిన సంఘటన వానాక్రై. 2017 మే 12న ఆరంభమైన ఈ వర్మ్ కొద్ది రోజుల్లోనే సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్సలు నిలిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు దీని ప్రభావానికి లోనయ్యాయి. తిరుమల తిరుపతి దేవస్థానాల పరిపాలనా విభాగంలోని కొన్ని కంప్యూటర్లకు కూడా సోకినట్లు వార్తలు వెలువడ్డాయి.

వానాక్రైలో రెండు భాగాలున్నాయి. మొదటిది వర్మ్. విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళను, ప్రింటర్లను పంచుకొనేందుకు వాడే పాత పద్ధతిలోని లోపాన్ని ఆసరాగా చేసుకొని ఇది పక్క కంప్యూటర్లలోకి ప్రవేశిస్తుంది. రెండవది గుప్తీకరణ భాగం. ఇది పత్రాలను, చిత్రాలను, గణాంకాల పట్టికలను తాళం వేసినట్లు చదవడానికి వీలులేకుండా మార్చి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్‌ను చెల్లించాలని, మూడు రోజులు దాటితే రెట్టింపు ఇవ్వాలని తెరపై బెదిరింపును ప్రదర్శిస్తుంది.

ఈ లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే సవరణను విడుదల చేసింది. మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీ వంటి పాత వ్యవస్థలకు మాత్రం అప్పుడు అందివ్వలేదు. దాడి మొదలైన తరువాతనే అత్యవసరంగా ఇచ్చింది. పాత వ్యవస్థలను కొనసాగించడం, సవరణలను వాయిదా వేయడం అనే రెండు అలవాట్లే వర్మ్‌కు దారి చూపాయి.

వర్మ్ పనిచేయడానికి ముందు ఒక వెబ్ చిరునామాను సంప్రదించి, జవాబు వస్తే ఆగిపోయేలా రూపొందింది. ఒక బ్రిటిష్ పరిశోధకుడు అదే రోజున ఆ చిరునామాను నమోదు చేయడంతో వ్యాప్తి చాలావరకు అదుపులోకి వచ్చింది. అయితే ఆ చిరునామాను చేరుకోలేని, ఇంటర్నెట్ లేని అంతర్గత నెట్‌వర్క్‌లకు ఈ రక్షణ లభించలేదు.

సమాచార చౌర్యం జరిగే విధం

వానాక్రై తన ఉనికిని తానే చాటుకొంది. సమాచారాన్ని దొంగిలించే వర్మ్ ఇందుకు విరుద్ధంగా ఎంత కాలం నిశ్శబ్దంగా ఉండగలిగితే అంత లాభం పొందుతుంది. అందుచేత దీర్ఘకాలంలో ఇదే ఎక్కువ ప్రమాదకరం. చౌర్యం ప్రధానంగా ఈ కింది విధాలుగా జరుగుతుంది.

• కీబోర్డుపై నొక్కిన ప్రతి అక్షరాన్ని నమోదు చేసి, బ్యాంకు, ఈ-మెయిల్ పాస్‌వర్డ్‌లను గ్రహించడం.

• బ్రౌజర్‌లో భద్రపరచిన పాస్‌వర్డ్‌లను చదవడం. కార్యాలయ కంప్యూటర్‌లో ‘పాస్‌వర్డ్ గుర్తుంచుకో’ అనే సౌకర్యాన్ని వాడినవారందరి ఖాతాలూ దీనివల్ల ఒకేసారి బయటపడతాయి.

• కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో ఉన్న లాగిన్ వివరాలను వెలికితీసి, వాటితోనే ఇతర కంప్యూటర్లలోకి ప్రవేశించడం. 2017 జూన్ 27న వ్యాపించిన నాట్‌పెట్యా ఈ పద్ధతిని అనుసరించింది. భద్రతా సవరణ అమర్చిన కంప్యూటర్లను సైతం అది ఈ విధంగా చేరుకోగలిగింది.

• పాత ఈ-మెయిల్ సంభాషణలను దొంగిలించి, వాటికి జవాబు వలె హానికర జోడింపును పంపడం. ఎమోటెట్ ఈ విధంగా పరిచితుల పేర్లతోనే సందేశాలను పంపింది.

• పెన్‌డ్రైవ్‌ల ద్వారా సోకిన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే అవకాశాన్ని దొంగకు కల్పించడం. షార్ట్‌కట్‌లను సృష్టించే జెంక్సస్ అనే వర్మ్ ఈ కోవకు చెందినది.

సేకరించిన సమాచారం సాధారణ వెబ్ రాకపోకల్లో కలిసిపోయి దూరాన ఉన్న సర్వర్‌కు చేరుతుంది. రైతుల జాబితా ఈ విధంగా బయటపడితే, ఫలానా పథకం సొమ్ము జమ కావడానికి ఓటీపీ చెప్పమంటూ వచ్చే ఫోన్‌లో మోసగాడు రైతు పేరు, గ్రామం, ఖాతా వివరాలను సరిగ్గా చెప్పగలుగుతాడు. రైతు నమ్మడానికి అదే కారణమవుతుంది.

సోకినట్లు తెలిపే లక్షణాలు

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లకు బదులు షార్ట్‌కట్‌లు కనిపించడం, యాంటీవైరస్ దానంతట అది ఆగిపోవడం లేదా నవీకరణ పొందలేకపోవడం, భద్రతా సంస్థల వెబ్‌సైట్లు మాత్రమే తెరుచుకోకపోవడం, ఎవరూ వాడనప్పుడు కూడా నెట్‌వర్క్ రద్దీగా ఉండడం, పంపని ఈ-మెయిళ్ళకు జవాబులు రావడం ముఖ్య లక్షణాలు. కంప్యూటర్ నెమ్మదించడానికి ఇతర కారణాలు కూడా ఉండవచ్చు. కాబట్టి ఆ ఒక్క లక్షణంపై ఆధారపడరాదు.

నిర్మూలన క్రమం

ఒక రైతు ఒక్కడే తన పొలంలో ఎలుకలను నిర్మూలిస్తే, పక్క పొలాల నుంచి అవి తిరిగి వస్తాయి. అందుకే సామూహిక ఎలుకల నివారణను విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామస్థాయిలో సిఫార్సు చేస్తారు. వర్మ్‌ల విషయంలోనూ ఒక్క కంప్యూటర్‌ను శుభ్రపరచడం వృథా. కార్యాలయంలోని కంప్యూటర్లు, పెన్‌డ్రైవ్‌లు అన్నింటినీ ఒకే విడతలో, ఈ కింది క్రమంలో శుభ్రపరచాలి.

1. వేరుచేయడం: నెట్‌వర్క్ తీగను తొలగించి, వైఫై ఆపివేయాలి. ఆ కంప్యూటర్‌లో వాడిన పెన్‌డ్రైవ్‌లను మరెక్కడా పెట్టరాదు.

2. నమోదు: తెరపై సందేశం ఉంటే ఫోన్‌తో చిత్రం తీసి, సాంకేతిక బాధ్యులకు తెలియజేయాలి. ఫైళ్ళు గుప్తీకరణకు లోనైతే నిపుణుల సలహా లేకుండా కంప్యూటర్‌ను పునఃప్రారంభించరాదు. వానాక్రై సోకిన కొన్ని పాత విండోస్ కంప్యూటర్లలో, పునఃప్రారంభించని పక్షంలో, తాళపుచెవికి ఆధారమైన సంఖ్యలను జ్ఞాపకశక్తి నుంచి తిరిగి రాబట్టగలిగారు.

3. పాస్‌వర్డ్‌ల మార్పు: వర్మ్ సోకని మరొక కంప్యూటర్ నుంచి మార్చాలి. సోకిన కంప్యూటర్ నుంచే మార్చితే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకు చేరుతుంది.

4. పరీక్ష, తొలగింపు: విండోస్ నడుస్తుండగా వర్మ్ తనను తాను దాచుకోగలదు. కాబట్టి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ వంటి, విండోస్ పూర్తిగా మొదలుకాకముందే పనిచేసే సాధనంతో పరీక్షించాలి. తరువాత స్టార్టప్ జాబితాలో, టాస్క్ షెడ్యూలర్‌లో అపరిచిత అంశాలున్నాయేమో చూడాలి. ఇవి మిగిలిపోతే తొలగించిన వర్మ్ తిరిగి ప్రవేశించే అవకాశం ఉంది.

5. పెన్‌డ్రైవ్‌ల శుద్ధి: ఏ షార్ట్‌కట్‌నూ నొక్కకుండా యాంటీవైరస్‌తో పరీక్షించి, దాగిన ఫైళ్ళు కనిపించే ఏర్పాటును అమర్చాలి. అసలు ఫోల్డర్లు చాలావరకు లోపలే ఉంటాయి. వాటిని సురక్షితమైన చోటికి నకలు చేసుకొని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి. షార్ట్‌కట్‌లను చూసి ఫైళ్ళు పోయాయని భావించి వెంటనే ఫార్మాట్ చేస్తే ఆ ఫైళ్ళు నిజంగానే పోతాయి.

6. సవరణ: భద్రతా సవరణలను అమర్చిన తరువాతనే కంప్యూటర్‌ను తిరిగి నెట్‌వర్క్‌తో కలపాలి. ఈ దశను విస్మరిస్తే శుభ్రపరచిన కంప్యూటర్‌కు నిమిషాల్లోనే వర్మ్ తిరిగి సోకవచ్చు.

7. పునఃస్థాపన: అనుమానం తీరనప్పుడు డిస్క్‌ను పూర్తిగా చెరిపి, విండోస్‌ను కొత్తగా అమర్చి, పరీక్షించిన బ్యాకప్ నుంచి ఫైళ్ళను తెచ్చుకోవాలి. సొమ్ము చెల్లించినంత మాత్రాన గుప్తీకరణకు లోనైన ఫైళ్ళు తిరిగి లభిస్తాయనే హామీ లేదు.

నివారణ చర్యలు

• విండోస్, బ్రౌజర్, యాంటీవైరస్ నవీకరణలు వాటంతట అవే జరిగే ఏర్పాటు ఉంచాలి. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. పరికరాలకు అనుసంధానమై ఉండి మార్చడానికి వీలుకాని పాత కంప్యూటర్లను నెట్‌వర్క్ నుంచి విడిగా ఉంచాలి.

• ఫైలు పొడిగింపులు, దాగిన ఫైళ్ళు ఎల్లప్పుడూ కనిపించేలా ఉంచాలి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అది తెరుచుకొనే సౌకర్యాన్ని నిలిపివేయాలి.

• బయట ముద్రణకు పెన్‌డ్రైవ్‌కు బదులు ఈ-మెయిల్‌తో పీడీఎఫ్ ప్రతిని పంపడం మేలు. అయితే దుకాణపు కంప్యూటర్‌లో సొంత ఈ-మెయిల్ ఖాతాను తెరవరాదు.

• రోజువారీ పనికి నిర్వాహక అధికారాలు లేని ఖాతాను వాడాలి. ముఖ్యమైన ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ అవసరం.

• గణాంకాలకు మూడు ప్రతులుండాలి. వాటిలో ఒకటి వేరొక చోట, కంప్యూటర్‌కు కలపకుండా ఉండాలి. నిరంతరం కలిపి ఉంచిన హార్డ్ డిస్క్‌లోని బ్యాకప్‌ను కూడా వర్మ్ చేరుకోగలదు. మూల విత్తనాన్ని వేరుగా నిల్వ చేసి, మొలక శాతాన్ని పరీక్షించినట్లే, బ్యాకప్‌ను కూడా అప్పుడప్పుడూ తెరిచి పరీక్షించాలి.

చట్టం, సహాయ సంస్థలు

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల ప్రకారం అనుమతి లేకుండా, దురుద్దేశంతో హానికర ప్రోగ్రాములను ప్రవేశపెట్టడం శిక్షార్హమైన నేరం. ఇందుకు మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దేశంలో సైబర్ సంఘటనలను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, సంస్థలు ఇటువంటి సంఘటనలను గుర్తించిన ఆరు గంటల్లోగా నివేదించాలి. 2017 ఫిబ్రవరిలో ఆరంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం హానికర ప్రోగ్రాములను తొలగించే సాధనాలను ఉచితంగా అందిస్తోంది. పెన్‌డ్రైవ్‌ల వాడకాన్ని నియంత్రించే యూఎస్‌బీ ప్రతిరోధ్ కూడా అక్కడ లభిస్తుంది. ఆర్థిక మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ముగింపు

స్లామర్, కాన్‌ఫికర్, వానాక్రై మూడింటి చరిత్ర ఒకే అంశాన్ని తెలియజేస్తోంది. వర్మ్ రావడానికి ముందే మందు సిద్ధంగా ఉంది. వాడని చోట మాత్రమే నష్టం తీవ్రమైంది. వర్మ్ సోకడం ఏ ఒక్క వ్యక్తి అజాగ్రత్తగానో పరిగణించి మందలిస్తే, తరువాత సోకినప్పుడు సిబ్బంది చెప్పకుండా దాచే ప్రమాదం ఉంది. ఆ ఆలస్యమే వర్మ్‌కు కావలసిన వ్యవధినిస్తుంది. తెగులు తొలి లక్షణం కనిపించగానే తెలియజేయమని రైతులకు చెప్పే విస్తరణ యంత్రాంగం, తన కంప్యూటర్ల విషయంలోనూ అదే సూత్రాన్ని పాటించడం ఉచితం. ప్రతి కార్యాలయంలో ఒక బాధ్యుణ్ణి నియమించి, నెలకు ఒకసారి సవరణలను, బ్యాకప్‌లను సరిచూసి, కొత్త విద్యార్థులకు, సిబ్బందికి పెన్‌డ్రైవ్ పరిశుభ్రతపై శిక్షణనిస్తే ఒక పంటకాలపు శ్రమను, రైతులు నమ్మి అప్పగించిన వివరాలను కాపాడుకోవచ్చు.